దుబాయ్ గోల్డెన్ వీసా కోసం ఇల్లు కొనేముందు డీడ్ మీద పేర్లు చూసుకోండి

"హైదరాబాద్‌లో వ్యాపారం చేసుకుంటున్నాం. దుబాయ్‌లో 20 లక్షల దిర్హాముల ఇల్లు కొంటే పదేళ్లు అక్కడ ఉండనిచ్చే గోల్డెన్ వీసా ఇస్తారంటున్నారు. తీసుకోవడం మంచిదేనా?" అని మీరు అడిగారు.

మకాం మార్చేటట్టయితే మంచిదే. హైదరాబాద్‌లోనే ఉంటూ, పర్సులో ఒక కార్డు పడి ఉంటుందిలే అని కొనేటట్టయితే మాత్రం వద్దు. నేను 2008 నుంచి దుబాయ్‌లో ఉంటున్నాను. ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఈ వీసా కోసం వచ్చిన మనవాళ్లను చాలామందిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. అందులో మా బావగారి సంగతి చెప్తాను. మీకు పనికొచ్చేది దాంట్లోనే ఉంది.

బావగారిది, ఆయన తమ్ముడిది చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. ఇద్దరూ కలిసే చేస్తారు, లాభమైనా నష్టమైనా సగం సగం. పొలం కొన్నా, లారీ కొన్నా ఇద్దరి పేరు మీదే కొంటారు. వాళ్ల నాన్నగారు పెట్టిన పద్ధతి అది, ఆయన పోయాక కూడా తప్పలేదు. 2023లో దుబాయ్‌లో ఫ్లాట్ కొన్నప్పుడూ అదే పద్ధతి. బిజినెస్ బేలో కెనాల్ కనబడే డబుల్ బెడ్‌రూమ్, 24 లక్షల దిర్హాములు. ఆర్‌బీఐ రూలు ప్రకారం ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లకు మించి బయటికి పంపకూడదు. అందుకని అన్నదమ్ములిద్దరూ మార్చిలో కొంత, ఏప్రిల్‌లో మిగతాది పంపారు. బ్యాంకు వాళ్లు టీసీఎస్, అంటే బయటికి పంపే డబ్బు మీద ముందే తీసుకునే పన్ను, పట్టుకున్నారు. ఇక్కడ ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు 4 శాతం, అంటే 96 వేల దిర్హాములు. ఏజెంటుకి 2 శాతం, దాని మీద వ్యాట్.

ఏజెంటు తెలుగువాడే. "20 లక్షలు దాటితే చాలు సార్, మీది 24, ఇంక ఆలోచించే పనే లేదు" అన్నాడు. అప్పటికి నాకూ అంతకంటే తెలియదు. సరే అన్నాను.

మా అక్క ఆశంతా వాళ్ల అబ్బాయి గురించి. అప్పటికి వాడికి 26 ఏళ్లు. మామూలు రెసిడెన్స్ వీసా మీద పెళ్లికాని కొడుకుని 25 ఏళ్ల వరకే స్పాన్సర్ చేయగలం. గోల్డెన్ వీసాకి ఆ వయసు పరిమితి లేదు. వాడు ఇక్కడికొచ్చి, తండ్రి వీసా మీద ఉంటూ, తొందర లేకుండా ఉద్యోగం వెతుక్కోవచ్చని అక్క లెక్క. విజిట్ వీసా మీద వచ్చి, గడువు అయిపోతుందన్న భయంతో ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. కాబట్టి అక్క ఆలోచనలో తప్పేమీ లేదు.

జూన్‌లో అందరూ వచ్చారు. బావగారు, అక్క, చిన్న బావ, ఆయన భార్య. పొద్దున్నే వీసా సర్వీస్ సెంటర్‌కి వెళ్లి టోకెన్ తీసుకున్నాం. అక్క ఒళ్లో నీలం ఫోల్డర్ ఉంది. పాస్‌పోర్టులు, ఫోటోలు, టైటిల్ డీడ్ (ఇంటి హక్కు పత్రం), మ్యారేజ్ సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ మీద మన విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర అన్నీ ఉన్నాయి. వాటికోసం రెండు నెలలు తిరిగారు. మన నంబరు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. డీడ్ చూసి, పెన్సిల్ తీసుకుని, పేర్ల పక్కన ఉన్న 50 శాతం అనే అంకె చుట్టూ సున్నా చుట్టింది. "మీ వాటా 12 లక్షలు. 20 కావాలి" అంది.

"ఏమంటోంది రా?" అన్నారు బావగారు.

"సగం సగం ఉంది కదా బావా. ఎవరి వాటా వాళ్లదే లెక్కేస్తారట. మీది 12, చిన్న బావది 12."

"ఇల్లు ఒకటే కదరా. 24 లక్షల ఇల్లు. దాంట్లో సగమేంటి, పావేంటి?"

చిన్న బావ ముందుకొచ్చి "సొంత అన్నదమ్ములమని చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. భార్యాభర్తల పేరు మీద ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్ చూసి రెండు వాటాలూ కలుపుతారు. అన్నదమ్ములకు అలా కలపరు. వెనక మా టోకెన్ తర్వాత నంబరు పిలిచారు. అక్క ఏమీ అనలేదు. ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా కవర్లో పెట్టుకుంది.

బయటికొచ్చి పార్కింగులో నిలబడి ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఇద్దరికీ గోల్డెన్ వీసా కావాలని మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. కమిషన్ తీసుకున్నవాడికి, డీడ్ ఎవరి పేరు మీద రాయిస్తున్నాడో తెలిసినవాడికి, ఆ ఒక్క మాట చెప్పాల్సిన బాధ్యత లేదా? ఇల్లు చూపించడానికి కారు పంపుతారు, నీళ్ల బాటిల్ ఇస్తారు, స్విమ్మింగ్ పూల్ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తారు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికి వీసా కావాలి, డబ్బు ఎవరు పెడుతున్నారు అని మాత్రం అడగరు. ఈ ప్రశ్నలు అడగని ఏజెంటు దగ్గర కొనకండి.

తర్వాత దారులన్నీ వెతికాం. చిన్న బావ తన వాటాలో కొంత అన్నకి రాసిస్తే అన్న వాటా 20 దాటుతుంది. తల్లిదండ్రులు పిల్లలకో, భార్య భర్తకో గిఫ్ట్ కింద రాస్తే ఫీజు చాలా తక్కువ, 0.125 శాతం. అన్నదమ్ములకు అది వర్తించదు, మళ్లీ 4 శాతం కట్టాలి. ఎనిమిది లక్షల విలువకి 32 వేలు. బావగారు దానికీ సిద్ధమే. కానీ చిన్న బావ భార్య ఒక మాట అడిగింది. "అప్పుడు మా వాటా నాలుగు లక్షలే అవుతుంది కదా, రేపు మా పిల్లలకి ఏం చెప్పాలి?" ఆవిడ అడిగిందీ న్యాయమే. నలభై ఏళ్లుగా సగం సగం అనుకుంటూ బతికిన కుటుంబంలో మొదటిసారి ఆ మాట వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

చివరికి ఇద్దరూ రెండేళ్ల ఇన్వెస్టర్ వీసా తీసుకున్నారు. దానికి ఒక్కొక్కరికి ఏడున్నర లక్షల వాటా ఉంటే సరిపోయింది. అయితే అది మామూలు వీసాలాంటిదే. ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే చెల్లదు. చీమకుర్తిలో క్వారీ వదిలేసి ఆరు నెలలకోసారి దుబాయ్‌కి ఎవరొస్తారు? రెండుసార్లు వచ్చారు, మూడోసారి రాలేదు. వీసా పోయింది.

ఆ ఆరు నెలల లెక్క గురించి నేను వేరే చెప్పాలి. గోల్డెన్ వీసాలో నిజమైన విలువ ఆ లెక్క లేకపోవడమే. పెద్ద కార్లు, ఎయిర్‌పోర్టు ఫోటోలు చూపించి వీడియోలు చేసేవాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్లకి దాని నొప్పి తెలియదు కాబట్టి.

2018లో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. మా ఓనర్ మంచి మనిషి, జీతం లేకుండా ఎన్ని రోజులైనా ఉండమన్నాడు. కంపెనీ ఒప్పుకుంది, కానీ వీసా రూలు ఒప్పుకోదు. 180 రోజులు దాటితే నా వీసా పోతుంది, దానితోపాటు నా మీద ఉన్న మా ఆవిడ వీసా, పిల్లల వీసాలు, వాళ్ల స్కూలు. గోడ మీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ నాన్న మంచం పక్కన కూర్చున్నాను. 172వ రోజు ఫ్లైట్ ఎక్కాను. నాన్న కుడిచెయ్యి కదిలేది కాదు, ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నారు. మూడు వారాలకు పోయారు. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి.

గోల్డెన్ వీసా ఆ తర్వాతి ఏడాది, 2019లో మొదలైంది. అది ఉన్నవాళ్లు ఎన్నాళ్లు బయటున్నా వీసా పోదు. కంపెనీ ఉద్యోగం తీసేసినా పోదు, స్పాన్సర్ అక్కర్లేదు. వీసా ఉన్న మనిషి చనిపోయినా, గడువు తీరేవరకు భార్యాపిల్లలు ఉండొచ్చు. ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు ఇక్కడ పనిచేసినవాళ్లకి ఇవన్నీ ప్రాణంతో సమానం. కానీ ఉద్యోగం మీద రావాలంటే నెలకి 30 వేల దిర్హాముల జీతం ఉండాలి. 55 దాటాక ఐదేళ్ల రిటైర్మెంట్ వీసా ఉంది, దానికి పది లక్షల దిర్హాముల ఇల్లో, అంత సేవింగ్సో, మంచి నెలసరి ఆదాయమో చూపించాలి. ఆరేడు వేల జీతంతో ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించినవాడికి ఇవేవీ అందవు. ఏడాదికి నాలుగు రోజులు ఉండని మనిషికి పదేళ్లు ఇచ్చి, పాతికేళ్లు ఇక్కడ పనిచేసిన మనిషికి ఉద్యోగం పోగానే సామాను సర్దుకోమనడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. డబ్బుతో పాటు ఉన్న ఏళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నా అభిప్రాయం ఇదే, ఎవరేమన్నా మార్చుకోను.

ఇక మీ విషయం. మీరు హైదరాబాద్‌లోనే ఉంటారు. మీకు ఎవరో చెప్పి ఉంటారు, ఈ వీసా ఉంటే ఎన్‌ఆర్‌ఐ అయిపోతారు, ట్యాక్స్ ఉండదని. తప్పు. ఇండియాలో ఎన్ని రోజులున్నారన్నదే లెక్క, జేబులో ఏ కార్డుందన్నది కాదు. 182 రోజులు ఉంటే మీరు ఇండియా రెసిడెంటే. ఇండియా ఆదాయం 15 లక్షల రూపాయలు దాటినవాళ్లకు లెక్క ఇంకా గట్టిది, 120 రోజుల నుంచే చూడాలి. దుబాయ్ ఫ్లాట్‌ని, అక్కడి బ్యాంకు అకౌంటుని రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపించాలి. చూపించకపోతే పది లక్షల రూపాయల పెనాల్టీ వేసే చట్టం ఉంది. అద్దె వస్తే ఇండియాలో ట్యాక్స్ కట్టాలి. అకౌంటెంట్‌గా చెప్తున్నాను, ఈ ఒక్క విషయంలో ఏజెంటు మాట నమ్మొద్దు, మీ సీఏని అడగండి.

గోల్డెన్ వీసా పౌరసత్వానికి మెట్టు కూడా కాదు. పదేళ్లయ్యాక రెన్యూ చేసుకోవాలి, దానికి ఇల్లు మీ చేతిలోనే ఉండాలి. అమ్మేస్తే వీసాకి ఆధారం పోయినట్టే. పైగా ప్రతి ఏడూ సర్వీస్ చార్జీ చదరపు అడుగు లెక్కన కట్టాలి, ఫ్లాట్ ఖాళీగా ఉన్నా సరే. రూళ్లు కూడా ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. 2019లో ఇంటి మీద 50 లక్షల దిర్హాములు పెడితే ఐదేళ్లే ఇచ్చారు. 2022 అక్టోబర్ నుంచి 20 లక్షలకి పదేళ్లు అయింది. ఇక్కడ మనకు కలిసొచ్చేలా మారింది కానీ, ఇంగ్లండ్ 2022 ఫిబ్రవరిలో ఇన్వెస్టర్ వీసా మూసేసింది. పోర్చుగల్ 2023లో ఇళ్లు కొని వీసా తీసుకునే దారి తీసేసింది. స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మొత్తం ఆపేసింది. వీసా ఒక్కటే చూసి కొన్న ఇల్లు, రూలు మారిన రోజున బరువైపోతుంది.

ఇంకొకటి. 2025 జూలైలో "లక్ష దిర్హాములు, అంటే 23 లక్షల రూపాయలు కడితే ఇండియన్లకి జీవితాంతం గోల్డెన్ వీసా" అని వార్తలొచ్చాయి. ఆ వారం నాకు ఊరి నుంచి, కాలేజీ గ్రూపు నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకాయన భార్య నగలు తాకట్టు పెడతానన్నాడు. కొద్ది రోజుల్లోనే యూఏఈ ఇమిగ్రేషన్ అథారిటీ అలాంటి పథకమే లేదని ప్రకటించింది. ఇప్పటికీ ఆ పాత వీడియోలు తిరుగుతున్నాయి. ఎవరైనా పంపితే డబ్బు కట్టకండి, ముందుకు పంపకండి.

మీరు నిజంగా కుటుంబంతో వచ్చేస్తుంటే మాత్రం, అడ్వాన్సు ఇచ్చేముందు డీడ్ మీద ఎవరి పేరు, ఎంత వాటా రాస్తారో కాగితం మీద రాయించుకోండి. ఒక్కరి పేరు మీదైనా సరే, భార్యాభర్తల పేరు మీదైనా సరే. అన్నదమ్ములు, స్నేహితులు, వ్యాపార భాగస్వాములు కలిసి కొంటే ఒక్కొక్కరి వాటా విడివిడిగా 20 లక్షలు ఉండాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ ముద్రలు ఇండియాలో ఉండగానే మొదలుపెట్టండి, ఇక్కడికొచ్చాక మొదలుపెడితే చాలా ఆలస్యమవుతుంది.

బావగారి ఫ్లాట్ ఇప్పుడు అద్దెకిచ్చారు. అద్దె అన్నదమ్ములకు సగం సగం వెళ్తుంది. మా మేనల్లుడు విజిట్ వీసా మీద వచ్చి, నలభై రోజులు మా ఇంట్లో ఉండి, ఒక గోడౌన్‌లో స్టోర్ కీపర్‌గా చేరాడు. కంపెనీ వీసానే. పోయిన నెల వాళ్ల నానమ్మకి బాగోలేకపోతే ఊరెళ్లాడు, తిరుగు టికెట్ పది రోజులకే తీసుకున్నాడు.