పెదాల ఫిల్లర్ నచ్చలేదు, తీసేయొచ్చా?

ప్రశ్న: పెళ్లికని పెదాలు నిండుగా కనిపించేలా ఫిల్లర్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. మూడు నెలలైనా పైపెదవి గడ్డలా ఉంది, అద్దం చూస్తే టెన్షన్. కరిగించొచ్చా డాక్టరుగారూ?

జవాబు: ముందు మీకు వేసిందేమిటో క్లినిక్‌లో అడగండమ్మా, బాక్సు మీది స్టిక్కర్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే హైలురోనిక్ యాసిడ్ ఫిల్లరైతేనే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరుగుతుంది, సిలికాన్ లాంటివి దానికి లొంగవు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. కొందరికి రెండోసారి చేయాలి. కాస్త మంట, వాపు మామూలే. తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లొచ్చే మనిషైతే మాత్రం ముందే చెప్పాలి, ఈ మందూ పడకపోవచ్చు. బ్యూటీపార్లర్‌లో చేయించుకుంటానంటే నేనొప్పుకోను, చర్మ డాక్టరు దగ్గరికే వెళ్లండి.