డైనో మీదికి పోతున్న అల్లునికి

అల్లుడూ,

చెల్లె ఫోన్ చేసి చెప్పింది, వచ్చే వారం నీ మారుతి ఎస్టీమ్ కారును ట్రక్కు మీద ఎక్కించి పుణె తీస్కపోతున్నవంట, ఆడ ఇంజన్ ట్యూనింగ్‌కు లోడ్ పట్టే డైనో (బండిని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మిషన్) ఒక రోజుకు మాట్లాడుకున్నవంట. "నువ్వన్న జర చెప్పు అన్నా, వాడు నా మాట ఇంటలేడు" అన్నది. నా మాట ఇంటవని నాకూ పెద్ద నమ్మకం లేదు గాని, డైనో కిరాయి గంటల లెక్కన పోతది కాబట్టి ఇనేదేదో ఇప్పుడే ఇంటే నీ పైసలే మిగుల్తయ్.

ముందుగాల ఒకటి తెల్సుకో. మీ దోస్తులంత పోయి వచ్చేది ఉత్త బరువు రోలర్ ఉన్న డైనో మీదికి. దాని మీద మూడో గేరో నాలుగో గేరో వేసి ఒక్కసారి పూర్తిగా తొక్కుడు (దాన్నే పుల్లింగ్ అంటరు), రోలర్ ఎంత జల్ది తిరిగిందో చూసి కంప్యూటర్ పవర్ లెక్క కడ్తది, ఏడెనిమిది సెకన్లల అయిపోతది, గ్రాఫ్ ప్రింట్ తీసి ఫోన్ల స్టేటస్ పెట్టుకునుడు. నువ్వు పోయేది అట్లాంటిది కాదు. దానికి రోలర్ పక్కన ఎడ్డీ కరెంట్ బ్రేక్ ఉంటది, కాయిల్స్‌కు కరెంట్ ఇస్తే తిరిగే ఇనుప డిస్క్‌ను ముట్టకుండనే పట్టి ఆపుతది, ఘాట్ దిగే కొన్ని బస్సులకు రిటార్డర్ ఉంటది సూడు, పని అదే. 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టుమని చెప్తే అక్కడనే పట్టి ఉంచుతది, నువ్వు యాక్సిలేటర్ ఎంత తొక్కినా ఆర్‌పీఎం పెరగదు, లోడ్ పెరుగుతది. అంటే మ్యాప్ల (ఏ ఆర్‌పీఎం, ఏ లోడ్ కాడ ఎంత పెట్రోల్, ఎప్పుడు మంట అని ఇంజన్ కంప్యూటర్ల ఉండే గడుల పట్టిక) ఏ గడి మీద నిలబడాల్నంటే ఆ గడి మీద నిలబడొచ్చు. ఆ సౌకర్యానికే నువ్వు పైసలు ఇస్తున్నవ్. అక్కడికి పోయి గూడ పొద్దంత ఫుల్ త్రాటిల్ పుల్లింగులే కొట్టి వస్తే ఇక్కడ చంద్రపూర్ల తిరిగేటప్పుడు బండి 2000 దగ్గర గుంజుకుంట, ఎగురుకుంట పోతది, ఎందుకంటే నీ బండి బతుకంత 1500 నుంచి 3500 మధ్యల, 30 నుంచి 70 కేపీఏ (ఇంజన్ల పోయే గాలి ఒత్తిడి, లోడ్ లెక్క దాని మీదనే) మధ్యల గడుస్తది, పీక్ పవర్ దగ్గర ఉండేది ఎంతసేపు చెప్పు.

బండి పోకముందు ఇంటి కాడనే చేసుకునే పనులు ఉన్నయ్. కంప్రెషన్ చూపించు, నాలుగు సిలిండర్లు ఒకదానికొకటి దగ్గర దగ్గర ఉండాలె. కొత్త ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ (నువ్వు సాస్తి, ఘుగ్గుస్ దిక్కు తిరుగుతవ్, ఆ బొగ్గు దుమ్ముకు ఫిల్టర్ ఎట్లుంటదో నాకు చెప్పాల్సిన పని లేదు). పాత ఎస్టీమ్ కాబట్టి పెట్రోల్ రబ్బర్ పైపులన్నీ ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్‌కు తట్టుకునేటివి మార్చు. టైమింగ్ లైట్ పెట్టి, ఈసీయూల (ఇంజన్ కంప్యూటర్) టైమింగ్‌ను, అంటే పిస్టన్ పైకి చేరేందుకు ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు మంట పెట్టాల్నో ఆ లెక్కను, 10 డిగ్రీల మీద లాక్ చేసి, క్రాంక్ పుల్లీ మీద గూడ 10 గనే కనిపిస్తున్నదా చూడు, ఆర్‌పీఎం పెంచి మళ్ల చూడు. ఇది తప్పితే మిగిలిన మ్యాప్ అంత అబద్ధమే, స్క్రీన్ మీద 22 అని ఉంటది, లోపల 28 నడుస్తుంటది, పిస్టన్ పోయినంక తెలుస్తది.

సైలెన్సర్ పైపు జాయింట్లు గూడ మంచిగ టైట్ చేయించు. మ్యానిఫోల్డ్ దగ్గర చిన్న లీకున్నా బయటి గాలి లోపలికి గుంజుకొని వైడ్‌బ్యాండ్ సెన్సర్ (పొగల ఆక్సిజన్ చూసేది) లీన్, అంటే పెట్రోల్ తక్కువ, అని చూపిస్తది. ప్లగ్గు మిస్ కొట్టినా అంతే, కాలని గాలి అట్లనే పోతది కదా, సెన్సర్‌కు ఆక్సిజన్ మాత్రమే తెలుసు, పెట్రోల్ ఎంత వృథా పోయిందో దానికి తెల్వదు. అప్పుడు నువ్వు పెట్రోల్ పెంచుతవ్, ఇంకింత మిస్ కొడ్తది, ఇంకా లీన్ అంటది. మీటర్ ఏమన్నా సరే, ఇంజన్ చప్పుడు బాగలేదంటే ముందు చెవిని నమ్ము.

పెట్రోల్ సంగతి. పుణెల 100 ఆక్టేన్ ఇండియన్ ఆయిల్‌ది 2020 డిసెంబర్ నుంచే దొరుకుతున్నది, డైనో కాడ ఎవడన్న అది పోస్కో, పవర్ వస్తది అంటడు. వస్తది. కాని నువ్వు ఆ పెట్రోల్ మీద టైమింగ్ పెంచుకొని వచ్చి బల్లార్షా బంకుల మామూలుది పోస్తే? రోజు ఏది పోస్తవో దాని మీదనే ట్యూన్ చెయ్. ఇంకో మాట, మీటర్‌ను 14.7 లెక్కల (ఒక వంతు పెట్రోల్‌కు ఎన్ని వంతుల గాలి అని) చూడకు, ల్యాంబ్డాల పెట్టుకో. ఉత్త పెట్రోల్‌కు 14.7 సరే గాని ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే అది 13.5 దగ్గరికి వస్తది, ల్యాంబ్డా ఒకటి అంటే మాత్రం గాలి, పెట్రోల్ సరిగ్గ సరిపోయినట్టు, ఏ పెట్రోల్‌కైనా ఒకటే.

ఇగ రోలర్ మీద. నీది ముందు చక్రాలు తిరిగే బండి, అది వెనక చక్రాల బండికన్న డేంజర్, రోలర్ మీద స్టీరింగ్ పక్కకు గుంజుతది. ముందుకు ఒక బెల్టు కట్టి అయిపోయింది అంటే ఒప్పుకోకు, రెండు పక్కలకు గూడ కట్టించు, వెనక చక్రాలకు చెక్కలు, హ్యాండ్‌బ్రేక్. టైర్ల గాళ్లల్ల రాళ్లు ఏరెయ్, అవి రోలర్ మీద తూటాల లెక్క ఎగుర్తయ్. తిరిగేటప్పుడు బండి ముందట, ఎనక ఎవ్వర్ని నిలబడనియ్యకు, వీడియో తీసేటోడు మొదాలు అక్కడనే నిలబడ్తడు. పొగ బయటికి గుంజే పైపు, ముందట పెద్ద ఫ్యాను ఉన్నయా చూడు, లేకుంటే రూమ్ తలుపులు తీయించు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. యాక్సిలేటర్ ఒకరు, ల్యాప్‌టాప్ ఇంకొకరు. రెండు పనులు నువ్వొక్కనివే చెయ్యకు.

పెట్రోల్ ముందు, టైమింగ్ తర్వాత. మొదలు పెట్టేటప్పుడు టైమింగ్ తక్కువ పెట్టుకో, పెట్రోల్ జర ఎక్కువనే పెట్టుకో. తక్కువ లోడ్ గడుల నుంచి మొదలుపెట్టి మెల్లగ పైకి రా. గడి నడిమధ్యల నిలబడ్డంకనే ఆ గడి నంబర్ మార్చు, ఎందుకంటే ఈసీయూ చుట్టు ఉన్న నాలుగు గడులను కలిపి లెక్క తీస్తది, అంచుల నిలబడి ఒక దాన్నే పెంచితే పక్కది చెడిపోతది, మళ్ల దాన్ని దిద్దబోతే ఇది చెడిపోతది, మధ్యాహ్నం దాకా అదే ఆట. మార్చినంక రెండు మూడు సెకన్లు ఆగు, పొగ సెన్సర్ దాకా పోవాలె, బ్రేక్ కుదురుకోవాలె. మామూలుగ పోయే లోడ్‌ల ల్యాంబ్డా ఒకటి దగ్గర, ఫుల్ లోడ్‌ల నీ ఇంజన్‌కు 0.86, 0.88 మధ్యల. అంతకన్న రిచ్ చేసుడు భద్రం అనుకుంటరు గాని పెట్రోల్ ఎక్కువైతే సిలిండర్ గోడల ఆయిల్ కడుక్కపోతది.

టైమింగ్ అసలు పని. దీన్ని జర నింపాదిగ చదువు.

3000 మీద పట్టించి, లోడ్ ఒకే తీరు ఉంచి, స్క్రీన్ మీద హార్స్‌పవర్ మూసేసి టార్క్ ఒక్కటే చూడు. మాటవరసకు 18 డిగ్రీల దగ్గర 92 న్యూటన్ మీటర్లు ఉన్నదనుకో. 20 చేసినవ్, 95 అయింది. 22 చేసినవ్, 97. 24 చేసినవ్, 97న్నర. 26 చేస్తే మళ్ల 97. ఇంజన్ నీకు చెప్పేసింది, 22 దగ్గరనే అయిపోయింది, ఆ తర్వాత పెంచినదంత పిస్టన్ పైకి వస్తుంటే మంట దాన్ని కిందికి నూకుడే. నువ్వు అక్కడ 22 రాసుకో, 24 రాయకు. అర న్యూటన్ మీటర్ కోసం రెండు డిగ్రీలు పెట్టి నాకింగ్‌ను (సిలిండర్ల పెట్రోల్ తనంతట తానే పేలుడు) పిలుచుకునుడు నాకు ఎన్నడూ నచ్చదు, కొందరు ట్యూనర్లు పెడ్తరు, వాళ్ల ఇంజన్ కాదు కదా. ఉత్త బరువు రోలర్ డైనో మీద ఈ సంగతి ఇంత సాఫ్‌గ కనిపియ్యదు, రెండు డిగ్రీల తేడా పుల్లింగు పుల్లింగుకు వచ్చే తేడాల కలిసిపోతది.

కొన్ని గడులల్ల టార్క్ ఇంకా పెరుగుతుండంగనే నాకింగ్ వస్తది, తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడ్ కాడ ముఖ్యంగ. అక్కడ ఆశ పడొద్దు, నాకింగ్ వచ్చిన కాడి నుంచి రెండు మూడు డిగ్రీలు ఎనకకు వచ్చి వదిలెయ్. డైనో రూమ్ల ఫ్యాను, రోలర్ చప్పుడుకు ఉత్త చెవికి నాకింగ్ ఇనపడదు, బ్లాక్‌కు సెన్సర్ బిగించి హెడ్‌ఫోన్ పెట్టుకో. నీ జీ13 ఇంజన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, 900ను 3.14 తోటి, మళ్ల సగం బోర్ 37 తోటి భాగిస్తే 7.7 కిలోహెర్ట్జ్ వస్తది, వినే మిషన్ల ఆ దగ్గర పెట్టుకో. మామూలు ఇంజన్ చప్పుడు గరగర అంటుంటది, నాకింగ్ ఎండిన కందిగింజలు స్టీల్ గిన్నెల పడ్డట్టు టకటక ఇడిగా ఇనపడ్తది. ఒక్కసారి ఇన్నవంటే ఇగ మర్చిపోవు.

ఫుల్ లోడ్ మీద ఎక్కువసేపు పట్టి ఉంచకు. డైనో పట్టుతది గాని రోడ్డు మీద గాలి తగిలినట్టు ఇక్కడ తగలదు, పెద్ద ఫ్యాను ఉన్నా సరే. కొన్ని సెకన్లు, నంబర్ చూస్కో, వదిలెయ్, కూలెంట్, లోపలికి పోయే గాలి వేడి కిందికి వచ్చేదాక ఆగు. వేడి మీద చేసిన ట్యూనింగ్ పొద్దుగాల చేసినదానికి కలవదు, డైనో వాడు టైం అయిపోతున్నది అని తొందర పెట్టినా నువ్వు తొందర పడకు. ఆ వేడి చల్లారే టైంల ఛాయ్ తాగొద్దు, లాగ్ ఫైల్ సేవ్ చెయ్, అసలు ప్రతిసారి కొత్త పేరుతోని సేవ్ చెయ్.

ఇగ నేను ఈ ఉత్తరం రాసిందే దీని కోసం. పుణె సముద్రానికి దాదాపు 560 మీటర్ల ఎత్తుల ఉన్నది, మన చంద్రపూర్ 190 దగ్గర. అక్కడ నువ్వు యాక్సిలేటర్ నేలకు తొక్కినా మ్యాప్ సెన్సర్ (ఆ గడుల మ్యాప్ కాదు, ఇంజన్ల పోయే గాలి ఒత్తిడి కొలిచేది) 95 కేపీఏ దాటదు, ఇంకా తక్కువనే చూపిస్తది. ఇక్కడ 98, 99 చూపిస్తది. అంటే నీ మ్యాప్ల 100 కేపీఏ వరుస అక్కడ రోజంత తిప్పినా పూర్తిగ ముట్టుకోలేవ్, ట్యూనర్ దాన్ని వదిలేస్తడు, పాత బేస్ మ్యాప్ నంబర్లే అందుల ఉండిపోతయ్, నువ్వు ఇంటికి వచ్చి మొదటిసారి ఫుల్లు తొక్కినప్పుడు ఇంజన్ ఆ ఎవ్వడూ చూడని వరుసల నడుస్తది. కాబట్టి 80, 90 వరుసలు ఎట్ల పోతున్నయో చూసి అదే లైన్ల 100 వరుస చేత్తోని నింపించు, పెట్రోల్ జర ఎక్కువ, టైమింగ్ 90 వరుసకన్న ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. వాడు అవసరం లేదంటే గూడ నింపించు.

ఎండ సంగతి గూడ అంతే. ఇప్పుడు జనవరి, పుణెల చల్లగ ఉంటది. మే నెలల మన దగ్గర 45 దాటుడు మామూలే, బానెట్ లోపల ఇంకెంత ఉంటదో ఊహించుకో. గ్రాఫ్ మీద ఎస్ఏఈ కరెక్షన్ అని 25 డిగ్రీలు, 99 కేపీఏ లెక్కకు మార్చి పవర్ చూపిస్తరు, అది కాగితం మీది నంబర్‌ను మారుస్తది అంతే, నీ ఇంజన్‌ల పోయే వేడి గాలిని మార్చదు. గాలి వేడికి టైమింగ్ తగ్గించే టేబుల్ ఈసీయూల ఉంటది, మస్తుమంది దాన్ని సున్నాల తోటే వదిలేస్తరు. నేనైతే 40 నుంచి తగ్గించుడు మొదలుపెట్టి 60 దగ్గరికి మూడు నాలుగు డిగ్రీలు తీసేస్త. గాలి వేడి సెన్సర్‌ను గూడ ఇంజన్ మీద కాకుండ ఫిల్టర్ దగ్గరి పైపుల పెట్టు, లేకుంటే సిగ్నల్ కాడ ఆగినంతసేపు అది ఇంజన్ వేడిని చూసి మోసపోతది.

ఇవన్నీ అయినంకనే, సాయంత్రం టైం మిగిలితే, ఒకటి రెండు ఫుల్ పుల్లింగులు కొట్టు. కంపెనీ లెక్క ఎస్టీమ్ 85 హార్స్‌పవర్, అది ఇంజన్ కాడి లెక్క, చక్రాల కాడ 70 దగ్గర చూపిస్తే గాబరా పడకు, ఇంకో డైనో మీద 78 వచ్చిందని ఎవడన్న అంటే వాని తోటి కొట్లాడకు గూడ. నీ డైనో మీద పొద్దుగాల ఎంత, సాయంత్రం ఎంత, గంతే చూస్కో.

మ్యాప్ ఫైల్ రెండు కాపీలు తెచ్చుకో, ఒకటి పెన్‌డ్రైవ్‌ల, ఒకటి నాకు మెయిల్ చెయ్. లాగ్‌లన్నీ గూడ పంపు, ట్యూనర్ ఇయ్యనంటే ముందే మాట్లాడుకో, కొందరు ఈసీయూకు పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తరు, అట్లయితే ఆ షాపే వద్దు. వచ్చినంక పై వరుసలు ఖాళీ గ్రౌండ్ల తిప్పి చూద్దాం, నాకింగ్ కనిపిస్తే ఆ డిగ్రీలు ఇక్కడనే తీసేద్దాం, మళ్ల పుణె దాకా పోవుడు అవసరం లేదు. హెడ్‌ఫోన్, నాక్ సెన్సర్ నా దగ్గర ఉన్నయ్, కొనకు, ఆదివారం వచ్చి తీస్కపో. చెల్లెకు చెప్పు, అంబలి చేసి పెట్టమని, నేను గూడ తిరిగి నీ తోటే వస్త.

మీ మామ
బల్లార్షా