తలకోనలో ఈగలు పట్టే ముందు

తిరుపతి

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

శేషాచలం అడవుల్లోని డ్రోసోఫిలా, అంటే మాగిన పండ్ల చుట్టూ మూగే చిన్న ఈగల మీద ప్రాజెక్టు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. సీక్వెన్సింగ్, అదే వాటి డీఎన్ఏ చదివించడం, ఎక్కడ చేయించాలని అడిగావు. అది తర్వాత చూద్దాం తల్లీ. ముందు నువ్వు పట్టిన ఈగ ఎక్కడిదో గట్టిగా తేల్చుకో. తలకోన జలపాతం దారిలో, జనం అరటి తొక్కలు పారేసే చోట ఎర సీసా కడితే ఊరి ఈగలే ఎక్కువ పడతాయి. వాటిని అడవి ఈగలని రాసుకుంటే ఎంత ఖర్చుపెట్టి సీక్వెన్సింగ్ చేయించినా ఫలితం తప్పే. బాట వదిలి బాగా లోపలికి వెళ్లు. పోల్చుకోవడానికి ఊళ్లో కూడా విడిగా పట్టు.

డ్రోసోఫిలాల్లో అందరికీ తెలిసిన జాతి మెలనోగాస్టర్ సంగతే చూడు. వందేళ్లకు పైగా ల్యాబుల్లో పెంచుతున్నారు. అయినా అది అడవిలో ఏ పండు మీద బతుకుతుందో బయటపడింది 2018లోనే. జింబాబ్వేలోని మటోబో అడవిలో మరూలా పండ్ల మీద దొరికింది. ఆ చెట్టు మన మామిడి కుటుంబానిదే! జాంబియా, జింబాబ్వే ఈగల్లో జన్యు వైవిధ్యం ఎక్కువ. ఆఫ్రికా దాటి వెళ్లినవి కొన్నే కాబట్టి వాటి సంతతిలో తక్కువ. దాని పుట్టిల్లు ఏదో ఆ తేడా వల్లే తెలిసింది. అందుకే ఒక్కచోట పట్టి సరిపెట్టుకోవద్దు.

మన చిత్తూరు మామిడి తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ ఎర డ్రోసోఫిలాకి పనికిరాదు. దానికి వచ్చే పండు ఈగ వేరే కుటుంబం. బాగా మాగిన అరటిపండు నలిపి, చిటికెడు ఈస్ట్ కలిపి, ఒక రోజు పులియనివ్వు. సీసాను నీడలో కట్టు. దారానికి గ్రీజు పూయి, లేకపోతే చీమలు చేరతాయి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఈగలు బాగా పడతాయి. పుట్టగొడుగుల మీద, పూలలో పెరిగే జాతులు అరటికి రావు, వాటికి వల వెయ్యాలి.

దొరికిన ఆడ ఈగల్ని ఒక్కో సీసాలో ఒక్కదాన్నే పెట్టు. చాలావరకు అడవిలోనే జతకట్టి వస్తాయి కాబట్టి రవ్వ, బెల్లం, అగర్ (గట్టిపడటానికి వేసే జిగురు) కలిపిన మేత మీద అలాగే గుడ్లు పెడతాయి. బైపెక్టినాటా, మలెర్‌కోట్లియానా లాంటి దగ్గరి జాతుల్లో ఆడవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మగపిల్లలు వచ్చాక వాటి ముందుకాళ్ల మీది నల్లటి దువ్వెన పళ్లు మైక్రోస్కోపులో చూడు, జాతి తెలిసిపోతుంది. గుడ్లు పెట్టాక తల్లిని ఆల్కహాల్‌లో దాచు. ల్యాబులో తరాలు గడిచేకొద్దీ వైవిధ్యం తరిగిపోతుంది. డీఎన్ఏ ఆ తల్లి నుంచే తియ్యి. తేదీ, చోటు, ఎత్తు సీసా మీద అప్పటికప్పుడే రాయి.

ఒక్క సీజన్‌తో ఆపొద్దు. జన్యు శాస్త్రవేత్త డాబ్‌జాన్‌స్కీ కాలిఫోర్నియాలోని శాన్ జసింటో కొండల్లో ఏడాది పొడవునా పట్టి చూశాడు కాబట్టే క్రోమోజోమ్ విలోమాల (క్రోమోజోమ్‌లో ఒక ముక్క తిరగబడి ఉండటం) నిష్పత్తి నెలనెలా మారుతోందని తెలిసింది. మనకు ఈశాన్య రుతుపవనాల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారైనా పట్టాలి. మన ఎండల్లో సీసాల్ని కారులో వదిలెయ్యకు. ముప్పై డిగ్రీల వేడిలో పెరిగితే మెలనోగాస్టర్ మగవి సంతానానికి పనికిరావు.

అటవీ శాఖ అనుమతి పత్రం చేతికి రాకుండా మాత్రం లోపలికి అడుగు పెట్టకు. ఎర్రచందనం కాపలా ఉన్న అడవి అది. బీట్ ఆఫీసర్‌కి ముందే ఫోన్ చేసి, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లు. మొదటి విడత సీసాలు తెచ్చాక ఇంటికి రా, ఇద్దరం కూర్చుని జాతులు వేరు చేద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న