నడుస్తున్న సర్వర్‌కి బ్యాకప్: నానీకి పెద్దమ్మ ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి నానీకి,

గాజువాక ఆసుపత్రి మందుల షాపు సర్వర్ బ్యాకప్ పనంతా నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమేసింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఇది రాస్తున్నాను.

బ్యాకప్ రోజూ తియ్యి, పాస్‌వర్డ్ ఇంకొకరికి కూడా తెలిసేలా చూడు. ఇవి నీకు తెలిసినవే. కానీ షాపు ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి సర్వర్ ఆపకుండానే డేటా ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో, అదే ఆ ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రాంతో, కాపీ చేసేస్తానన్నావట. అది మాత్రం వద్దురా.

నేను అప్పట్లో పనిచేసిన ఆఫీసులో ఎవరో ఎప్పుడో పెట్టిన స్క్రిప్టు అదే పని చేసేది. సాయంత్రం కౌంటర్ కట్టకముందే కాపీ మొదలయ్యేది. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తీరం దాటింది. ముందురోజు సాయంత్రం తుపాను భయంతో జనం ఎగబడి కొన్నారు. ఆదివారం కిటికీ ఊడి సర్వర్ గది తడిసిపోయింది. కరెంటు వచ్చాక శనివారం కాపీని కొత్త మెషీన్‌లో ఎక్కించారు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, హమ్మయ్య అనుకున్నాం. తీరా లెక్క చూస్తే రసీదులున్నాయి, వాటి బిల్లులు లేవు. అవి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో మైఐసామ్ అనే పాత రకం టేబుళ్లు, ఒక్కో టేబుల్‌కి విడి ఫైళ్లు. బిల్లుల ఫైలు ముందు కాపీ అయింది. రసీదుల ఫైలు వంతు వచ్చేసరికి గంట దాటింది. పెళ్లి గ్రూపు ఫొటోని గంటకో ముక్క తీసి అతికించినట్టు తయారైంది డేటా.

తడిసిన కార్బన్ కాపీలను ఫ్యాను కింద ఆరబెట్టి ఒక్కో నంబరూ చేత్తో సరిచూశాం. మీ అమ్మతో క్యారియర్ తెచ్చి నువ్వు ఆ కాగితాల మీద కాలు పెట్టబోతే గట్టిగా కసిరాను, గుర్తుందా? ఆ కోపం నీ మీద కాదు నాన్నా.

నీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అని విన్నాను. డేటా, వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) రెండూ ఒకే ఎల్‌వీఎం వాల్యూమ్‌లో, అంటే లినక్స్ డిస్కులో విడగొట్టిన ఒకే భాగంలో, ఉంటే ఒక్క స్నాప్‌షాట్, అంటే ఆ భాగానికి ఒక్క క్షణపు ఫొటో, తీసి దాన్నుంచి కాపీ చేస్తే చాలు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే డిస్కు ఎలా ఉంటుందో అందులో అలాగే ఉంటుంది, పోస్ట్‌గ్రెస్ లేచేటప్పుడు వాల్ చదువుకుని తనే సర్దుకుంటుంది. వాల్ వేరే వాల్యూమ్‌లో ఉంటే మాత్రం రెండు స్నాప్‌షాట్లు ఒకే క్షణంలో పడవు, నమ్మడానికి లేదు. అప్పుడు పీజీ బేస్‌బ్యాకప్ వాడు, నడుస్తుండగానే కాపీ తీయడానికి పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే ప్రోగ్రాం అది. ముందు వెళ్లి ఏది ఎక్కడుందో చూసి నాకు చెప్పు.

స్నాప్‌షాట్‌కి కేటాయించిన జాగా కాపీ మధ్యలో నిండిపోతే అది మొత్తం చెల్లకుండా పోతుంది, రద్దీ ఉండే సాయంత్రాలకు సరిపడా ఇవ్వు. కాపీ అవగానే స్నాప్‌షాట్‌ని తీసేయ్, ఉంచితే సర్వర్ మీద భారం. స్నాప్‌షాటే బ్యాకప్ అనుకుని ఊరుకోకు, అసలు డిస్కు పోతే దానితోపాటే పోతుంది. ఒక కాపీ హైదరాబాద్ చేరాలి, అదీ అక్టోబర్ లోపే. నీకు చాదస్తంగా అనిపించినా సరే, దీన్ని వాయిదా వెయ్యకు.

ఎర్రర్ రాలేదని తృప్తిపడకు. ఆసుపత్రిలోనే ఖాళీ మెషీన్ ఒకటి అడిగి తీసుకుని, కాపీని అందులో లేపి, ఆ పూట బిల్లులకీ రసీదులకీ లెక్క కుదిరిందో లేదో చూడు. వాళ్లు ఒప్పుకుంటే మొదటిసారి నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను. రాత్రిపూట ఒక్కడివే మొదలుపెట్టకు, అన్నం తిని వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ