ఘాట్‌లో లాగకపోతే ముందువైపు స్ప్రాకెట్ మార్చు
తమ్ముడూ, విజయనగరం నుంచి అరకు వెళ్తుంటే ఎస్.కోట దాటాక ఘాట్‌లో ఇద్దరితో బండి మూడో గేరులో లాగట్లేదు, వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పెద్దది వేయించనా అని అడిగావు కదా. వెనకది ముట్టుకోకు. ముందుది, అంటే ఇంజిన్ దగ్గరది, ఒక పన్ను తక్కువున్నది వేయించు, చాలు.

ముందు 14, వెనక 42 పళ్లు ఉన్నాయనుకో, వెనక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే నిష్పత్తి 3. ముందు 13 వేస్తే 3.23 అవుతుంది, అంటే చక్రం దగ్గర లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది. వెనక నుంచి అదే రావాలంటే 45 పళ్లది కావాలి. ఖర్చెక్కువ, పైగా చైను పొడవు చాలకపోవచ్చు. ముందుది తగ్గిస్తే చైను కొంచెం వదులవుతుందంతే, అడ్జస్టర్‌తో సరిపెట్టుకోవచ్చు.

శ్రీకాకుళం వైపు హైవే ఎక్కితే మాత్రం తేడా తెలుస్తుంది. టాప్ గేరులో ఇంతకుముందు ఇంజిన్ 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) తిరిగే వేగానికి ఇప్పుడు దాదాపు 5,400 తిరగాలి. మైలేజీ కాస్త పడుతుంది. స్పీడోమీటర్ ముందు చక్రం నుంచి పనిచేసేదైతే రీడింగ్ మారదు; గేర్‌బాక్స్ నుంచి తీసుకునేదైతే అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది.

సాగిన పాత చైను మీద కొత్త స్ప్రాకెట్ వేయించకు, పళ్లు త్వరగా అరిగిపోతాయి. అన్నట్టు, ఇవన్నీ చేయించే ముందే క్లచ్ చూపించు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తూ బండి మాత్రం వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టే, దానికి స్ప్రాకెట్ మందు కాదు.