సిరీస్‌లో విన్న పాట ఎవరిదో పట్టుకోవడం, అక్కడి నుంచి ఇండీ బ్యాండ్ల దాకా వెళ్ళడం

ప్రశ్న: బీటీఎం లేఔట్‌లో పీజీలో ఉంటున్నాను. ఇంగ్లిష్ సిరీస్‌లలో మధ్యమధ్యలో వచ్చే పాటలు భలే నచ్చుతున్నాయి. షాజామ్ (పాట విని పేరు చెప్పే యాప్) పెడితే సగం సార్లు దొరకలేదంటోంది. ఈ బ్యాండ్లను పట్టుకునే దారేంటి? మన దగ్గరి బ్యాండ్లు, బెంగళూరులో వినే చోట్లు కూడా చెప్పండి.

జవాబు:

షాజామ్‌ని ముందు కాదు, చివర్లో తెరవండి. చాలాసార్లు పాట పేరు తెర మీదే ఉంటుంది. సబ్‌టైటిల్స్ మెనూలో మామూలు 'ఇంగ్లిష్' బదులు 'ఇంగ్లిష్ సీసీ' ఎంచుకోండి. అవి వినికిడి సమస్య ఉన్నవాళ్ళ కోసం చేసినవి కాబట్టి పాట మొదలవగానే పేరో, పాడినవాళ్ళెవరో, కనీసం సాహిత్యమో పడుతుంది. సాహిత్యం ఒక్క లైను దొరికినా చాలు, దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి పక్కన లిరిక్స్ అని చేర్చి వెతకండి. 'ఐ లవ్ యూ' లాంటి లైను పెడితే వేల పాటలు వచ్చి పడతాయి. ఊరి పేరో, నెల పేరో, ఏదైనా వస్తువో ఉన్న లైను చూసుకోండి. ప్రైమ్ వీడియోలో అయితే పాజ్ చేసి ఎక్స్-రే తెరిస్తే ఆ సీన్‌లో మోగుతున్న పాట పేరు చూపిస్తుంది, అన్ని షోలకీ కాదుగానీ చాలావాటికి.

తర్వాత చూడాల్సింది ఎండ్ క్రెడిట్స్. నెట్‌ఫ్లిక్స్ వాటిని మూలకి నెట్టేసి తర్వాతి ఎపిసోడ్‌కి దూకేస్తుంది. 'వాచ్ క్రెడిట్స్' నొక్కండి, లేదా బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి మీ ప్రొఫైల్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే టిక్ తీసేయండి. అక్కడ పాట పేరు కింద 'కర్టెసీ ఆఫ్' అని ఒక లైను ఉంటుంది. అది ఎవరూ చదవరు, మీరు చదవండి. ఆ పాటను విడుదల చేసిన లేబుల్ పేరు అది, కింద మనకి పనికొస్తుంది.

ఇక్కడిదాకా దొరక్కపోతే అప్పుడు షాజామ్. అది ఎందుకు ఫెయిలవుతుందో తెలిస్తే సగం సమస్య తీరిపోతుంది. ధ్వనిలో గట్టిగా వినిపించే పౌనఃపున్యాలు ఏ క్షణంలో ఎక్కడున్నాయో గుర్తించి, ఆ చుక్కల అమరికని తన దగ్గరున్న రికార్డింగులతో పోలుస్తుంది. అంటే అదే రికార్డింగు ఉండాలి. నటులు సీన్‌లో గిటార్ పట్టుకుని పాడినా, మీరు కూనిరాగం తీసినా దానికి పట్టదు. డైలాగు వస్తున్నంతసేపూ సౌండ్ ఎడిటర్ పాటను కిందికి దించుతాడు, అప్పుడు పెడితే మాటల చుక్కలే దానికి అందుతాయి. డైలాగు ఆగి, పాట పైకి లేచే చోటు చూసుకుని, పది సెకన్లు వెనక్కి జరిపి, అక్కడ వినిపించండి.

పీజీ హాల్లో ఫ్యాను, టీవీ, నలుగురి కబుర్లు ఉన్నప్పుడు మైకుని నమ్ముకోవద్దు. లాప్‌టాప్‌లో క్రోమ్‌కి షాజామ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, అది ట్యాబ్‌లోని ధ్వనినే నేరుగా తీసుకుంటుంది. ఫోన్లో చూస్తుంటే ఐఫోన్ కంట్రోల్ సెంటర్‌లోని మ్యూజిక్ రికగ్నిషన్ గానీ, ఆండ్రాయిడ్ షాజామ్‌లోని పాప్-అప్ గానీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నా పని చేస్తాయి. ఎవరింట్లోనైనా హోమ్ థియేటర్ ఉంటే ఇంకో కిటుకు: ఐదు పాయింట్ ఒకటి ఆడియోలో డైలాగు దాదాపు అంతా మధ్య స్పీకర్లోంచే వస్తుంది. దాని వైరు తీసేసి ఎడమ స్పీకర్ దగ్గర ఫోన్ పెడితే పాట ఒక్కటే మిగులుతుంది. పాత డీవీడీల్లో మాత్రం ఒక చిక్కు ఉంది. మన దేశంలో అమ్మిన పాల్ (PAL అనే టీవీ పద్ధతి) డిస్కుల్లో సెకనుకి 24 ఫ్రేముల బొమ్మని 25కి లాగేవాళ్ళు కాబట్టి పాట కూడా నాలుగు శాతం వేగంగా, కాస్త పై శ్రుతిలో వస్తుంది, గుర్తింపు తప్పుతుంది. షో అయిపోయి, రాగం మాత్రమే నోట్లో మిగిలితే గూగుల్ యాప్‌లో మైకు నొక్కి 'సెర్చ్ ఎ సాంగ్' ఎంచుకుని పది పదిహేను సెకన్లు ఈల వేయండి, కూనిరాగమైనా సరే. 2020 నుంచి ఆ సౌకర్యం ఉంది. శ్రుతి తప్పినా ఫర్వాలేదు, రాగం తిరిగే తీరు సరిగ్గా ఉంటే చాలు.

ట్యూన్‌ఫైండ్ సైట్‌లో షో, సీజన్, ఎపిసోడ్ వారీగా పాటలుంటాయి, ఏ సీన్‌లో వచ్చిందో కూడా రాస్తారు. పేరొక్కటే చూసి నమ్మకండి, ఒకే పేరుతో పది పాటలుంటాయి. సీన్ వివరం సరిపోయిందా, పాట విడుదలైన ఏడాది ఎపిసోడ్ కంటే ముందుదేనా చూడండి. కొన్నిసార్లు సైట్‌లో ఉన్న పాట మీరు విన్నది కాకపోవచ్చు, ఎందుకంటే టీవీ ప్రసారానికి కొన్న హక్కులు స్ట్రీమింగ్‌కి వర్తించకపోతే పాటనే మార్చేస్తారు. డాసన్స్ క్రీక్ అనే సిరీస్ టైటిల్స్‌లో పౌలా కోల్ పాట ఉండాల్సిన చోట చాలా ఏళ్ళు జాన్ ఆర్డెన్ పాట వచ్చింది ఇందుకే. ఇంకోటి, గుర్తించిన 'బ్యాండ్' పేజీ తెరిస్తే వందలకొద్దీ రెండేసి నిమిషాల ట్రాకులు, ఫొటో లేదు, కచేరీలు లేవు అనుకోండి, అది లైబ్రరీ మ్యూజిక్. షోలకు అద్దెకిచ్చేందుకే చేసిన సరుకు. అక్కడితో ఆపేయండి, వెనకాల బ్యాండే లేదు.

ఇక అసలు మాట. పాట పేరు తెలియడంతో సంబరపడి ప్లేలిస్టులో పడేసి వదిలేస్తే మీకు దొరికేది ఆ ఒక్క పాటే. దాన్ని ఏరి తెచ్చిన మనిషిని పట్టుకోండి. మన సినిమాల అలవాటులో సంగీతం అనగానే సంగీత దర్శకుడే గుర్తొస్తాడు, అమెరికన్ సిరీస్‌లలో మాత్రం ఇద్దరుంటారు. నేపథ్య సంగీతం కట్టేది కంపోజర్. బయటి పాటలు ఏరి, హక్కులు తెచ్చేది మ్యూజిక్ సూపర్‌వైజర్. 2003లో మొదలైన ది ఓసీ అనే సిరీస్‌కి ఆ పని చేసింది అలెగ్జాండ్రా పట్సావస్. ఆ షోలో సేత్ పాత్రకి డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అంటే ప్రాణం. రెండో సీజన్‌లో బెయిట్ షాప్ అనే క్లబ్బు సెట్టే వేసి కిల్లర్స్, మోడెస్ట్ మౌస్ లాంటి బ్యాండ్ల చేత అక్కడ వాయించారు. గ్రేస్ అనాటమీ, మ్యాడ్ మెన్ పాటల వెనకున్నదీ ఆవిడే. ఐఎండీబీ (సినిమాలు, సిరీస్‌ల వివరాలుండే సైట్)లో షో పేజీ తెరిచి మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ దాకా దిగితే ఆ పేరు దొరుకుతుంది. పేరు నొక్కి, ఆ వ్యక్తి చేసిన మిగతా షోల పాటలు ట్యూన్‌ఫైండ్‌లో తిరగేయండి. ఏ యాప్ సిఫార్సుల కంటే ఇది బాగా పని చేస్తుంది, యాప్ మీరు విన్నదానికి దగ్గరగా ఉన్నదే మళ్ళీ ఇస్తుంది కాబట్టి.

షోలలో ఇండీ పాటలే, అంటే పెద్ద కంపెనీల అండ లేని బ్యాండ్ల పాటలే ఎందుకెక్కువ అంటే, ఒక పాట వాడాలంటే రెండు హక్కులు కావాలి, పాట రాసి కట్టినవాళ్ళది ఒకటి, రికార్డింగ్‌ది ఇంకొకటి. పెద్ద కంపెనీ పాటకి నాలుగైదు చోట్ల సంతకాలు పడాలి. చిన్న బ్యాండు అయితే చాలాసార్లు రెండూ వాళ్ళ దగ్గరో వాళ్ళ లేబుల్ దగ్గరో ఉంటాయి, డబ్బూ తక్కువ. అందుకే లేబుల్ పేరు చదవమన్నాను. సియాటిల్‌లోని సబ్ పాప్ అనే లేబుల్ నుంచి ఒక పాట నచ్చితే ఐరన్ అండ్ వైన్, షిన్స్, పోస్టల్ సర్వీస్ మూడూ ఒకే గూటివని తెలుస్తుంది. బ్యాండ్‌క్యాంప్ (బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైట్)లో లేబుల్ పేజీ తెరిచి వరసగా వినండి. టీవీ సీన్‌లో వినిపించేది ముప్పై నలభై సెకన్ల మంచి ముక్క మాత్రమే, కనీసం ఆల్బమ్‌లో మూడు పాటలు వినకుండా బ్యాండు మీద అభిప్రాయం పెట్టుకోవద్దు.

మన వైపు టీవీ ఇంకోలా పనిచేసింది, సీన్ల మధ్య పాటలుగా కాక నేరుగా సంగీతపు షోలుగా. 2011లో స్టార్ వరల్డ్‌లో వచ్చిన ది డ్యూవరిస్ట్స్, అదే ఏడాది మొదలైన కోక్ స్టూడియో ఎట్ ఎంటీవీ, మలయాళంలో కప్పా టీవీ మ్యూజిక్ మోజో. తైక్కుడం బ్రిడ్జ్ జనంలోకి వచ్చింది ఈ చివరి దాంతోనే. వీటిని యూట్యూబ్‌లో వెతికి చూడండి. తెలుగువాళ్ళకి సులువైన తలుపు బెంగళూరు బ్యాండ్ అగమ్. త్యాగరాజు 'మనవ్యాలకించరాదటే'ని డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో వాయిస్తారు, మాటలు మనవే కాబట్టి చెవి త్వరగా పడుతుంది. ఆ తర్వాత స్వరాత్మ, రఘు దీక్షిత్ ప్రాజెక్ట్, 1996 నుంచీ ఉన్న థర్మల్ అండ్ ఎ క్వార్టర్.

కొనాలనుకుంటే, బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకంలో 15 శాతం తీసుకుంటుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించిన శుక్రవారాల్లో ఆ వాటా వదులుకుంటుంది. కార్డు పనిచేయకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో చూడండి, 2020 నుంచి కొత్త కార్డులు అది ఆఫ్ అయ్యే వస్తాయి. కొన్నాక మళ్ళీ ఆఫ్ చేసుకోండి.

లైవ్‌కి మీకు దగ్గర కోరమంగలలోని ఫ్యాండమ్ అనే వేదిక. వైట్‌ఫీల్డ్ విండ్‌మిల్స్‌లో జాజ్ ఎక్కువ, కూర్చుని వినే చోటు, ఖర్చూ ఎక్కువే. వేదికల ఇన్‌స్టాగ్రామ్ కంటే బ్యాండ్ పేజీనే ఫాలో అవ్వండి, తేదీ ముందు అక్కడే పడుతుంది. మద్యం అమ్మే చోట్ల వయసు నిబంధన టికెట్ పేజీలో ఉంటుంది, చూసుకుని గుర్తింపు కార్డు వెంట పెట్టుకోండి. స్టేజీకి ఆనుకుని నిలబడితే డ్రమ్స్ తప్ప గొంతు సరిగ్గా వినపడదు. సౌండ్ ఇంజనీరు బల్ల ఎక్కడుందో చూసుకుని దాని ముందు నిలబడండి, అతను సరిచేసేది తన చెవికి వినిపించేదాన్నే.