విలీనమైన బ్రాంచిలో కొత్త మేనేజరుగా కూర్చున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవించి రాయునది.

బ్యాంకులు కలిశాక బ్రాంచిలో స్టాఫ్‌నీ ఖాతాదార్లనీ ఎలా సముదాయించాలని మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి ఏదో ముక్తసరిగా చెప్పి పెట్టేశాను. "అది ఫోన్లో తేలే సంగతేటండీ, ఉత్తరం రాయండి" అని మీ అత్త కాగితం తెచ్చి ముందు పెట్టింది.

మీ ఉత్కళ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు కలిసి 2025 మే 1న ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మీకు స్పాన్సరుగా, అంటే వాటా పెట్టి వెనకుండి నడిపించే పెద్ద బ్యాంకుగా, స్టేట్ బ్యాంకు పోయి ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వచ్చింది. హెడ్డాఫీసు బలంగీర్ నుంచి భువనేశ్వర్‌కి మారింది. సర్క్యులర్‌లో ఇది నాలుగు ముక్కల సంగతి. నీ బ్రాంచిలో మాత్రం ఎవరి బెంగ వారిది. "స్టాఫ్ అంతా భయపడుతున్నారు మావయ్యా" అన్నావు చూడు, ఆ "అంతా" అన్నది పక్కన పెట్టు.

మీ క్యాషియర్ భార్యకి గుణుపురంలో టీచరుద్యోగం అన్నావు. ఇన్నాళ్లూ ట్రాన్స్‌ఫర్ ఎంత దూరం వేసినా ఈ దక్షిణ ఒడిశా, పశ్చిమ ఒడిశాల్లోనే. ఇప్పుడు ఉత్తరాన ఆ చివర బారిపద దాకా దారి తెరుచుకుంది. అతని బెంగ అది. ప్రమోషన్ కోసం చూస్తున్న అమ్మాయికి సీనియారిటీ లిస్టులో అవతలి బ్యాంకు వాళ్లు ఎక్కడ దూరతారో అని. రోజుకూలీ మీద ఊడ్చి, నీళ్లు పట్టే కుర్రాడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ అందరికన్నా ఎక్కువ నిద్రపట్టనిది అతనికే.

ఇక రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఆ పెద్దాయన. "కొత్త సిస్టం శుద్ధ దండగ" అని రోజూ అంటున్నాడని విసుక్కున్నావు. అతనికి సిస్టం మీద కోపం లేదమ్మా. నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ల ముందు ఏ బటన్ నొక్కాలో తెలియక తడుముకోవాల్సి వస్తుందని సిగ్గు. ఆ మాట నోరు తెరిచి చచ్చినా చెప్పడు. ట్రైనింగ్‌కి అందరితో కలిపి కూర్చోబెట్టకు. సాయంత్రం ఆ రోజు లెక్కలు మూసి డే ఎండ్ అయ్యాక "సార్, ఈ స్క్రీన్ నాకూ కొత్తే, ఇద్దరం ఓసారి చూద్దాం" అని ఆయన సీటు దగ్గరికి నువ్వే వెళ్లు. ఓ వారం అలా చేశాక గోల్డ్ లోన్ ఎంట్రీలు ఆయన చేతే మిగతావాళ్లకి చూపించు. దండగ అన్న మాట మళ్లీ వినపడదు.

2020 ఏప్రిల్ 1న మా ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. లాక్‌డౌన్ రోజులు. మీటింగ్ పెట్టి అందరినీ ఒకచోట చేర్చే వీల్లేదు. చేసేది లేక ఒక్కొక్కరి కౌంటర్ దగ్గరా నిలబడి, మాస్కు వెనకనుంచి మాట్లాడాను. మీటింగులో నోరు మెదపనివాళ్లు అక్కడ ఇంటి సంగతులన్నీ చెప్పారు. అప్పటినుంచీ నాకు మీటింగుల మీద నమ్మకం తగ్గింది. నువ్వూ పెడితే పది నిమిషాలు పెట్టు, సర్క్యులర్ చదివి ముగించు. అసలు పని సీటు దగ్గర.

ట్రాన్స్‌ఫర్ల గురించి అడిగితే "నిన్నెవరూ కదపర్లే" అని మాత్రం అనకు. అది నీ చేతిలో లేదు. "ఆర్డరు ఏదీ రాలేదు, వచ్చిన రోజు వాట్సాప్‌లో తిరిగేలోపు నేనే చెబుతాను" అను. అని, నిజంగానే చెప్పు. ఏమీ రాకపోయినా వారానికోసారి "ఈ వారం ఏమీ లేదు" అని చెప్పు. లేదంటే టీ కొట్టువాడు చెబుతాడు.

అవతలి బ్యాంకు నుంచి వచ్చిన ఆఫీసరు "మా దగ్గర ఇలా కాదు" అంటున్నాడని మీవాళ్లు మూతి ముడుచుకుంటున్నారు కదా. కొన్నాళ్లు అననీ. ఏ పని గురించి అంటున్నాడో మాత్రం వినిపెట్టుకో. బంగారం పొట్లాలు వరసపెట్టే పద్ధతి వాళ్లదే మెరుగనిపిస్తే, అందరి ముందూ అతని పేరు చెప్పి అదే పెట్టించు. మీవాళ్ల పద్ధతి ఒకటి మెరుగైతే దాన్ని అతని చేత చేయించు.

ఖాతాదార్ల గురించి. మీ తలుపు మీద అంటించిన నోటీసు ఫొటో పంపావు. "సమ్మేళన ప్రక్రియ దృష్ట్యా" అట! గిడుగు రామమూర్తి గారు ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులు సవరల భాష నేర్చుకుని, వాడుక భాష కోసం పోట్లాడింది ఈ ఊళ్లో కూర్చునేనమ్మా. ఆ కాగితం చింపేసి, "బ్యాంకు పేరు మారింది. మీ డబ్బు మీ ఖాతాలోనే ఉంది" అని పెద్దక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించు. కొండమీది నుంచి దిగే సవర ఆడవాళ్లకి నోటీసుతో పనిలేదు. వాళ్ల పొదుపు సంఘం లీడరమ్మని పిలిచి ఆమె నోటితో చెప్పించు. వాళ్లడిగేది ఒక్కటే, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు పడుతుందా లేదా అని. పింఛను ముసలాళ్లదీ అదే ప్రశ్న. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో లేదో చూసి చెప్పడానికి ఒక మనిషిని గుమ్మం దగ్గరే పెట్టు, లైను సగం తగ్గుతుంది. షావుకార్లు "గవర్నమెంటు బ్యాంకేనా ఇంకా?" అంటే, కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, స్పాన్సరు బ్యాంకుకి 35 శాతం వాటా ఎప్పటిలాగే ఉందని చెప్పు. సరిహద్దు అవతల ఆంధ్రాలో కూడా అదే రోజు నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటయ్యాయని చెబితే, పాతపట్నంలో చుట్టాలున్నవాళ్లు ఇట్టే నమ్ముతారు.

ఈ సందట్లో నీ విసుగు స్టాఫ్ ముందు కక్కకు. పైవాళ్లని తిట్టాలనిపిస్తే రాత్రి ఎనిమిది దాటాక నాకు ఫోన్ చెయ్యి. ఆ రోజుకూలీ కుర్రాడి సంగతి రీజనల్ ఆఫీసుకి కాగితం మీద రాసిపంపు, ఫోన్లో అడిగితే ఎవరూ జవాబు చెప్పరు. కాపీ ఒకటి నీ దగ్గర ఉంచుకో.

మీ మావయ్య